నకాషీలు: తెలంగాణమునఁ దరతరముల చిత్రకార వంశములు

మన కావ్యములకు అవతారిక యను నొక భాగము కలదు. కవి తన గోత్రమును, తలిదండ్రులను, గురువును, కృతిభర్త వంశమును అందు నిలిపి పోవుచుండెను. కవుల చరిత్రములు వ్రాయఁబూనినవారికి ఆ కొన్ని పద్యములే ఆధారములైనవి. తాళపత్రములను నకలు చేసిన లేఖకులు సైతము గ్రంథాంతమునఁ దమ పేరును, ఊరును, సంవత్సరమును వ్రాసికొనుచుండిరి. చిత్రకారునకు మాత్రము ఈ యలవాటు లేకపోయెను. అతఁడు గీచిన దేవతలను ఊరూరను జనులు మ్రొక్కిరి. అతని బొమ్మల నాధారముగాఁ గొని కథకులు రాత్రులు తెల్లవాఱునట్లు కథలు చెప్పిరి. కాని యా బొమ్మ లెవరు వ్రాసిరో అడిగినవారు లేరు. ఇట్లు పేరులేక పోయిన చిత్రకార వంశములలో తెలంగాణపు నకాషీవారు ముఖ్యులు. వారి చరిత్రమునకుఁ గల యాధారము లెట్టివో, వానివలన ఎంతవఱకుఁ దెలియవచ్చునో ఈ వ్యాసమున విచారింపఁబడుచున్నది.

జగిత్యాల జిల్లాలోని మెట్‌పల్లి, కోరుట్లలు మొదలుకొని సిరిసిల్ల, వేములవాడల మీఁదుగా సిద్దిపేట ప్రాంతమునఁ జేర్యాల వఱకును, ఉత్తరమున గోదావరి దాఁటి నిర్మల వఱకును గల దేశము ఈ విచారమునకు క్షేత్రము. 2016వ సంవత్సరమున జిల్లాలు మాఱుటకు ముందు ఇది కరీంనగరము, ఆదిలాబాదు, వరంగల్లు జిల్లాలలోనిది. ఇందు వేములవాడ చాళుక్యుల రాజధాని, కన్నడ కవి పంపని పోషించిన అరికేసరి నగరము, రాజరాజేశ్వరుని క్షేత్రము. నిర్మల కఱ్ఱబొమ్మలకును, బంగారువన్నె చిత్రములకును బేరు వడసినది. చేర్యాల పటచిత్రములకు నిలయము. సిరిసిల్ల, మెట్‌పల్లులు మగ్గములకు ప్రసిద్ధములు. అందు మెట్‌పల్లి ఖాదీవస్త్రము సుప్రసిద్ధము. చేర్యాల నకాషీలు తమ పూర్వులు వేములవాడ ప్రాంతమునుండి వచ్చినవారని చెప్పుకొనుదురు. చిత్రకారునకుఁ గావలసిన గుడ్డయు, ఆ గుడ్డను నేయు కులమువారి పురాణమును, ఆ పురాణమును బాడు కథకులును ఈ దేశమున నొక్కచోటనే యుండుటను బట్టి చూడఁగా ఆ ప్రతీతి అసంగతముగాఁ దోఁపదు.

నకాషీ యను పేరు

'నక్కాష్' అరబ్బీ పదము. పారసీకము మార్గమున దక్కనునకు వచ్చినది. చిత్రించువాఁడు, చెక్కువాఁడు అని దాని యర్థము. ఈ పేరునుబట్టి కొందఱు ఈ కళయే మొగలులతోఁ గూడఁ దెలంగాణమునకు వచ్చినదని వ్రాయుచున్నారు. ఈ మతము పరీక్షకు నిలువదు. హైదరాబాదులోని జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల చిత్రశాలయందుఁ గల పటములలోఁ బ్రాచీనమైనది క్రీ.శ. 1625వ సంవత్సరము నాఁటిది. అది పద్మశాలీల మూలపురుషుఁడగు భావనర్షి కథను దెలుపునది. 1625లో గోలకొండ నేలినవాఁడు మహమ్మద్ కుతుబ్‌షా. గోలకొండ మొగలులకు లోఁబడినది 1687లోఁ గదా! అప్పటికి అఱువది రెండేండ్ల ముందే ఒక తెలుఁగు కులపురాణము పరిపూర్ణమైన రీతిలోఁ బటమున కెక్కియుండఁగా, దానికి మొగలుల రాకను గారణముగాఁ జెప్పుట కాలవిరుద్ధము.

మఱి పే రెట్లు వచ్చె ననఁగా, కొలువు భాషనుండి వచ్చెనని యూహింపఁదగును. బహమనీల కాలము మొదలు దక్కను దర్బారులలోఁ బారసీకము వ్యవహారభాష. గుమాస్తా, జమీను, దర్జీ అనునట్టి మాట లెట్లు ఊళ్లకుఁ బ్రాఁకినవో నకాషీయు నట్లే ప్రాఁకియుండును. తెలుఁగుదేశమున వేఱువేఱు సీమలలోఁ జిత్రకారులకు వేఱువేఱు పేళ్లు గలవు. కొన్నిచోట్ల ముచ్చివారందురు, కొన్నిచోట్ల జీనిగరవారందురు. జీనిగర యనునది 'జీను' అనఁగా గుఱ్ఱపు పల్యయనమును జేయువాఁడను నర్థము గల పారసీక పదమునుండి పుట్టినది. జీనుమీఁది తోలును రంగులతో నలంకరించు పనివాఁడే క్రమముగాఁ జిత్రకారుఁడై నట్లు ఆ పేరు చెప్పుచున్నది. కొండపల్లి బొమ్మలవారు తమ్ము ఆర్యక్షత్రియులని చెప్పుకొందురు. కావున వృత్తినామములను బట్టి రక్తమునుగాని, వలసనుగాని నిర్ణయించుట పొరపాటు. పేరు పెట్టినది పని యిచ్చినవాని భాష. పనిలోని సంప్రదాయము మాత్రము పనివాని యింటిది.

పటమును జూపి కథ చెప్పుట యెంత ప్రాచీనమో సంస్కృతజ్ఞులు ఎఱుఁగుదురు. విశాఖదత్తుని ముద్రారాక్షసమునఁ జాణక్యుని చారుఁడు యమపటమును జూపుచుఁ దిరుగువాని వేషమున వచ్చును. బాణుఁడు హర్షచరితమున యమపట్టికుని వర్ణించెను. జైనుల గ్రంథములు ఆజీవకమతకర్త మక్ఖలి గోసాలుని తండ్రి చిత్రపటమును జూపి జీవించు మంఖుఁడని చెప్పుచున్నవి. తెలుఁగున క్రీడాభిరామము ఓరుగంటి వేశ్య మాచలదేవి చిత్రశాలను వర్ణించినది. లేపాక్షి కప్పులమీఁదఁ బదునాఱవ శతాబ్దమునఁ గథలు వరుస వరుసలుగా, అరలు అరలుగాఁ జిత్రింపఁబడినవి. నకాషీ పటము గుడ్డమీఁదికి వచ్చిన యట్టి వరుసయే. ఇన్ని శాఖల నడుమ నకాషీలది యొక శాఖ. బయటినుండి నాఁటఁబడిన క్రొత్త మొక్క కాదు.

మువ్వురి యొడంబడిక

నకాషీవాని పనిని దెలిసికొనవలెనన్న అతని యింటికిఁ బోయిన చాలదు. పటమునకు మువ్వురు కర్తలు గలరు. తన కులపురాణమును వినఁగోరు దాత యొకఁడు. ఆ పురాణమును బాడుటకే యేర్పడిన యాశ్రితుఁడు రెండవవాఁడు. ఆ యాశ్రితునకుఁ బటము వ్రాసి యిచ్చు నకాషీ మూఁడవవాఁడు. దాత ఆశ్రితునకు ధాన్యమో, గుడ్డయో, కట్నమో యిచ్చును. ఆశ్రితుఁడు దానిలోనుండి కూడఁబెట్టి నకాషీకిఁ బటము వెల యిచ్చును. నకాషీకి దాతతో నేరుగా సంబంధము లేదు. అందుచేతనే ఊరిలోఁ బదిమంది చూచిన పటమును వ్రాసినవాని పేరు ఆ పదిమందిలో నొకనికైనఁ దెలియకుండెను.

ఆశ్రితులు కులకులమునకు వేఱు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయపురాణమును, భావనర్షి కథను జెప్పుదురు. ముత్రాసివారికిఁ గాకిపడగలవారు పాండవుల కథ చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము వినిపింతురు. చాకలివారికి మడేలు పురాణమును పటమువారును, మంగలివారికి వారి కులకథను అద్దపుసింగువారును, గౌడులకు గౌడపురాణమును ఏనూటివారును జెప్పుదురు. గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథను జెప్పునప్పుడు పటమునకు మాఱుగాఁ బొణికి కఱ్ఱతోఁ జేసిన బొమ్మలను బెట్టెలోనుండి యొక్కొక్కటిగాఁ దీసి నిలుపుదురు. ఆ బొమ్మలను జేయువారును నకాషీలే. తేలికయైన యా కఱ్ఱను జెక్కి, రంపపుపొట్టును చింతగింజల జిగురును గలిపిన ముద్దతోఁ గన్ను, ముక్కు, నగలు తీర్చి, సున్నపుపూఁత పెట్టి, రంగులు వేయుదురు. నిర్మల బొమ్మలకును ఇదే కఱ్ఱ, ఇదే ముద్ద. నిర్మల పనివారికిని నకాషీలనియే పేరుండుట ఈ రెండు శాఖల సామీప్యమును సూచించుచున్నది.

ఈ పట్టికను జూచిన నొక విశేషము గోచరించును. ఇందుఁ జేరిన కులములకు రాజాస్థానములలోఁ గవులు లేరు. దేవాలయములలో శాసనములు తఱచు లేవు. బ్రాహ్మణ పురాణములలోఁ దమకు లేని చోటును వారు తమ పురాణమునఁ గల్పించుకొనిరి. జాంబపురాణమున లోకమునకు ఆద్యుఁడు జాంబవంతుఁడు. భావనర్షి కథలో మానమును గాపాడు వస్త్రమును బద్మపు తంతువులతో మొదట నేసినవాఁడు సాలెవారి మూలపురుషుఁడు. అట్టి కథలను గన్నులఁ గట్టునట్లు నిలిపిన చేయి నకాషీది. కాఁబట్టి నకాషీల చరిత్రము ఒక పనివాండ్ర గుంపు చరిత్రము మాత్రమే యనుకొనరాదు. శాసనములు లేని యిన్ని కులములకు శాసనములు పటములే.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలయందు సాలెవారు విశేషముగా నుండుటచే కూనపులివారి పటము ఈ సీమకు ముఖ్యమైనది. ఆశ్రితులు తమలోఁ దాము ఊళ్లను హక్కుగాఁ బంచుకొందురు. ఒకరి ఊరికి వేఱొకరు పోరాదు. కూనపులివారు తమ హక్కు గ్రామమునకు వచ్చి, పటమును కఱ్ఱలకుఁ గట్టి, పూజ చేసి, మీఁదనుండి క్రిందికి విప్పుచుఁ గథ నడుపుదురు. మొదట విఘ్నేశ్వరుఁడు, సరస్వతి, పిమ్మట దేవతల సభ, పిమ్మట కథ. ఒక యర చెప్పి ముగిసిన వెనుక దాని క్రిందియర విప్పఁబడును. చెప్పువాఁడు కోలతోఁ జూపుచుండఁగా వంతవారు పాట నందుకొందురు. నేఁతగాఁడు తాను నేసిన గుడ్డమీఁదనే తన మూలపురుషుని మగ్గమును జూచుచుండును.

పటము చేయు విధము

పటము వెడల్పు సుమారు మూఁడడుగులు. నిడివి ముప్పది మొదలు అఱువది యడుగుల వఱకు నుండును. ఏఁబది చొప్పున, అంతకు మించియు అరలుండును. ముతక ఖాదీగుడ్డను దీసికొని, గంజి, తెల్లసుద్ద, ఉడికించి నూఱిన చింతగింజల అంబలి, బంక కలిపి పూఁత పూయుదురు. ఒక పూఁత యారిన పిమ్మట మఱొకటి చొప్పున మూఁడు పూఁతలు పడవలెను. పూఁత పలుచనైన రంగు గుడ్డలోనికిఁ బోవును. మందమైనఁ జుట్టునప్పుడు పగులును. పటము జీవితకాల మంతయుఁ జుట్టుటయు విప్పుటయే కదా! కావున బొమ్మ గీయు నేర్పుకంటె ముందుగా ఇంటిపిల్లలు నేర్వవలసినది ఈ పూఁత పాకము.

ఆరిన గుడ్డమీఁద నకాషీ మొదట కుంచెతోనే గీఁత గీయును. ఉడుత తోఁక వెండ్రుకలతోఁ గట్టిన సన్ననికుంచె దానికి సాధనము. పిమ్మట నేలకంతకు నెఱుపు పూయును. పటమును దూరమునుండి చూచిన మొదటఁ గన్నుల కానునది ఆ యెఱుపే. దీపపు వెలుతురున వెనుకవరుసనున్న వానికిని బొమ్మలు తేటపడుట దానిచేతనే. పూర్వము ఎఱుపునకు ఇంగిలీకము, పసుపునకు హరిదళము, నీలమునకు నీలిమందు, నలుపునకు దీపపు మసి, తెలుపునకు శంఖములను గాల్చి నూఱిన పొడి వాడుచుండిరి. వానిని దిరుమణి జిగురుతోఁ గలుపుదురు. దేవతలలో విష్ణువునకు నీలము, దేవులకుఁ బసుపు, రాక్షసులకు ముదురువన్నె యను నియమము గలదు. నగలు, చీరలయంచులు, పూలతీఁగెలు చివరను. అర యరకు నడుమఁ బూలబద్దె యుండును. అది యలంకారమువలెఁ గన్పట్టినను కథకునకుఁ బద్యమున యతివలె నుపయోగించును; అచ్చట ఆఁగి వంతపాట నెత్తుకొనును.

ఇన్ని పనులు ఒక్కచేతఁ గావు. గుడ్డకుఁ బూఁత పూయువారు, రంగు నూఱువారు, నేల పూయువారు, గీఁత గీయువారు, సన్నపుపని తీర్చువారు అని ఇంటిలోనే పని పంపకము జరుగును. గీఁత ఇంటి పెద్దది. నూఱుట, పూయుట, నగలు తీర్చుట ఆఁడువారును బిల్లలును జేయుచుండిరి. ఒక్క పటమున మూఁడు తరముల చేతులు చేరుట సామాన్యము. అట్టి పనికి ఎవరి పేరు పెట్టవలెను? పేరు లేకపోవుటకు వినయముగాని, నిరక్షరాస్యతగాని మాత్రమే కారణమని తలఁచుట సరి కాదు. పని యింటిది గనుక ఇంటిపేరే దానికిఁ జాలుననుకొనిరి.

పటమునకు మరణము

కూనపులివాఁడుగాని, కాకిపడగలవాఁడుగాని తన పటము జీర్ణమైనప్పుడు నకాషీయొద్దకు వచ్చును. పాఁత పటమును జూచి క్రొత్తది వ్రాయించుకొనును. క్రొత్తది పూజ నందుకొనిన పిమ్మటఁ బాఁతదానిని నదిలో విడుచుట యాచారము. దేవత నివసించిన గుడ్డను జింపుటయుఁ గాదు, దాఁచుటయుఁ గాదు. దానికి నదియే గతి. రాజస్థానమున భిల్వాడా, షాహ్‌పురాలలోని జోషీ యింటిపేరుగల చిత్రకారులు పాబూజీ, దేవనారాయణుల కథలను వ్రాయు పడములకును ఇట్టి గతియే కలదు. భోపాలను కథకులు చీర్ణమైన పడమును బుష్కరతీర్థమునఁ 'జల్లఁబఱతురు'. ఇచట చిత్రకార వంశము, అచట కథకవంశము, ఎడమ నీరు. ఈ పోలిక యాదృచ్ఛికము గాదు. పటము దేవాలయము; దేవాలయమునకు జీర్ణోద్ధారము గలదు గాని చిత్రశాలయందు నిలుపుట లేదు.

ఈ యాచారము చరిత్రకారునకు మిక్కిలి కష్టము కలిగించుచున్నది. ప్రాఁత పటములు కొలఁదిగా మాత్రమే మిగిలినవి. 1625 నాఁటి పటము మిగిలినదన్న అది యేకారణముననో నీటఁబడక తప్పించుకొనినది. కాని మఱొకవిధమునఁ జూచినచో నిందొక సౌకర్యమును గలదు. క్రొత్త పటము పాఁతపటమును జూచియే వ్రాయఁబడుటచే ప్రతి తరమును మాతృకను జూచి ప్రతి వ్రాసినట్లయినది. తాళపత్రగ్రంథములను బరిష్కరించు పండితులకు ఈ స్థితి క్రొత్త కాదు. మూలప్రతి నశించినను దాని సంతానమగు ప్రతులను బోల్చి మూలపాఠమును నిర్ణయించుచున్నాము. పటములయందును నిదే పద్ధతి చెల్లును. 1625 నాఁటి పటమును తరువాతి శతాబ్దముల భావనర్షి పటములతోఁ బోల్చి, ఏ యర నిలిచెను, ఏది చేరెను, ఏది జాఱెను అని చూచినచో ఒక వంశపు చేతివ్రాఁత బయటపడును. కీర్తనా తంగవేలు 1998లో బర్క్‌లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమునఁ దెలంగాణపు పటపురాణములను ఇట్టి దృష్టితోఁ బరిశీలించిరి. పటమును గథనుండి వేఱుచేసి చూడరాదని యా పరిశ్రమవలన స్పష్టపడినది.

పేరుగల వంశము, పేరులేని వంశము

దూరదేశపు దృష్టాంత మొకటి యిచ్చట నుపకరించును. అమెరికాఖండమునఁ జార్లెస్ విల్సన్ పీల్ అనువాఁడు 1741లోఁ బుట్టి 1827లో మరణించెను. అతఁడు మొదట జీనులు కుట్టు పనివాఁడు. జాన్ హెస్సీలియస్ అను చిత్రకారునకు జీను నొకదానిని యిచ్చి చిత్రలేఖనమున మొదటి పాఠములు నేర్చుకొనెను. మన జీనిగర శబ్దము చెప్పు కథ అచ్చట నొక మనుష్యుని జీవితమున నడచినది! పిమ్మట లండనునకుఁ బోయి బెంజమిన్ వెస్టునొద్దఁ జదివి, తిరిగివచ్చి, వాషింగ్టనును ఎదుటఁ గూర్చుండఁబెట్టుకొని పెక్కుమాఱులు చిత్రించెను. ఫిలడెల్ఫియాలో 1786లో వస్తుప్రదర్శనశాల తెఱచెను. కుమారులకు రాఫేల్, రెంబ్రాంట్, రూబెన్స్, టిషియన్ అని ఐరోపాచిత్రకారుల పేళ్లే పెట్టెను. అతని తమ్ముఁడు జేమ్సును, ఆ తమ్ముని కూఁతుండ్రు అన్నా, మార్గరెట్టా, సారాలును జిత్రకారులే. అన్నా, సారాలు 1824లోఁ బెన్సిల్వేనియా కళాపరిషత్తునకు సభ్యులుగా ఎన్నుకొనఁబడిరి. రూబెన్సు కూఁతురు మేరీ జేన్ మూఁడవ తరమున ఆ వృత్తిని నిలిపెను. ఇరువదవ శతాబ్దమున వైయత్ కుటుంబ మిట్టిదే. తండ్రి ఎన్.సి. వైయత్ కథలకు బొమ్మలు వ్రాసి ప్రసిద్ధుఁడు, కుమారుఁడు ఆండ్రూ, మనుమఁడు జేమీ.

ఈ రెండు జాతుల వంశములకును బోలిక యేమి? ఇల్లే పాఠశాలయగుట, తండ్రి చేతిమీఁదనే కొడుకు చేయి తిరుగుట, ఆఁడువారికిని గుంచె చిక్కుట సమానములు. భేద మెక్కడ? పీల్ కుమారులు తండ్రి వ్రాసినట్లే వ్రాయవలెనను నిర్బంధము లేదు. రాఫేల్ పండ్లను, పాత్రలను వ్రాసెను. రెంబ్రాంట్ ప్రభువుల ముఖములను వ్రాసెను. టిషియన్ పక్షులను, జంతువులను వ్రాసెను. ఎవరి భేదము వారి కీర్తికిఁ గారణమయ్యెను. నకాషీ కొడుకు తండ్రి గీఁతను దప్పినచో పటము చెల్లదు. కథకుఁడు దానిని ఒప్పుకొనఁడు. వినువాఁడు తన మూలపురుషుని గుర్తింపఁడు. అచ్చట భేదమునకు విలువ. ఇచ్చట నమ్మకమునకు విలువ. అటులని నకాషీలలో నేర్పు తారతమ్యములు లేవనరాదు. పాఠముతప్పక చదువు వేదపండితులలోను స్వరశుద్ధిగలవాఁడు వేఱుగాఁ దెలియఁబడును గదా.

ఇటీవలి మార్పు

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున నీ మువ్వురి యొడంబడిక సడలినది. సినిమా వచ్చినది, పిమ్మట దూరదర్శనము వచ్చినది. సాలెవారిలోఁ బలువురు భీవండి, సోలాపురము, సూరతులకు మగ్గములను వెదకికొనుచుఁ బోయిరి. హక్కు గ్రామమునకు వచ్చిన కూనపులివానికి దాత యింట తాళము కనఁబడెను. కథ లేనిచోఁ బటము కావలసినవాఁడు లేఁడు. పెక్కుచోట్ల నకాషీలు వృత్తి విడిచి వేఱుపనులకుఁ బోయిరి. ధనాలకోట యింటిపేరుగల కొన్ని కుటుంబములు చేర్యాలయందు దానిని నిలుపుకొనినవి. కళాభిమానులును, హస్తకళాసంస్థలును వారిని గుర్తించిన పిమ్మటఁ బటము చిన్నదై గోడ కెక్కినది. అఱువదియడుగుల కథకు మాఱుగా నొక యర. ఒక బోనాలపండుగ, ఒక కల్లుగీఁత, ఒక నాట్లకాలము. కాగితపుగుజ్జుతోను, రంపపుపొట్టుతోను ముసుగుబొమ్మలును జేయఁబడుచున్నవి. రాతిరంగులకును, ఆకురంగులకును బదులుగా అంగడిరంగులు తఱచైనవి. నిర్మలయందును బొమ్మల పనివారు సహకారసంఘముగా నిలిచిరి. చేర్యాల చిత్రములకును నిర్మల బొమ్మలకును భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ మార్పును గుఱించి యభిప్రాయభేదములు గలవు. పటము కథను గోల్పోయి యలంకారవస్తు వైనదని కొందఱు చింతింతురు. ఆ చింత నిరాధారము గాదు. అర యొకటి గోడమీఁద వ్రేలాడుచుండఁగా దాని మీఁదియర యేదో, క్రిందియర యేదో కొన్నవానికిఁ దెలియదు. కాని దానితోనే చిత్రకారునకు సంతకము వచ్చినదని మఱవరాదు. ఇప్పుడు నకాషీ పటము మూలను దన పేరు వ్రాయుచున్నాఁడు. ధనాలకోట వైకుంఠము, నాగేశ్వరుల పేళ్లు నేఁడు దేశమునఁ దెలిసినవి. పూర్వము రంగు నూఱుటకే పరిమితలని తలఁపఁబడిన యింటి ఆఁడువారును స్వయముగాఁ జిత్రించి తమ పేరఁ బ్రదర్శించుచున్నారు. వంశమునకు వెలుపలివారికిని ఈ విద్య నేర్పఁబడుచున్నది. నన్నూఱేండ్లు పేరులేని యిల్లు ఒక తరములోఁ బేరు గల యిల్లైనది. ఇది లాభమే యని మా తలంపు.

నష్టము పొందినవాఁడు మఱొకఁడు. చిత్రకారుఁడు గోడను వెదకికొనెను. కథకునకు గోడ లేదు. కూనపులివానికిఁ బటము చినిఁగిన వేఱొకటి వ్రాయించుకొను శక్తి లేదు. చిన్న యరను గోడకు వ్రాసినంత సులువుగా అఱువదియడుగుల పటము వ్రాయుటకు నకాషీకిని వెసులుబాటు లేదు. ప్రాఁత పటములకు మంచి వెల యిచ్చి కొనువారు వచ్చిరి. నదిలో విడువవలసిన పటము ఇప్పుడు బజారులోఁ బడుచున్నది. చిత్రశాలకుఁ జేరినది దాఁచఁబడును, నిజమే; కాని యది చెప్పినవాని యింటినుండి వెడలిన వెనుక, ఏ యరకు ఏ పాటయో చెప్పువాఁడు కరవగుచున్నాఁడు. బొమ్మ నిలిచి పాట పోయినచోఁ జరిత్రమున సగము మాత్రమే నిలిచినట్లు.

కర్తవ్యము

కాఁబట్టి ఈ సీమలోని పండితులకును, పాఠశాలోపాధ్యాయులకును ఒక విన్నపము. మీ యూరికిఁ గూనపులివారుగాని, కాకిపడగలవారుగాని, డక్కలివారుగాని పటముతో వచ్చినచో దానిని వినోదముగా మాత్రము చూచి విడువకుఁడు. పటము నిడివి యెంత, అరలెన్ని, ఏయరకుఁ గథలో నేమి చెప్పఁబడినది, దానిని వ్రాసిన నకాషీ యెవరు, ఎచ్చటివాఁడు, అంతకుముందు పటమేమైనది అని యడిగి వ్రాసికొనుఁడు. అంచులను వ్రాఁత యున్నచో అక్షరమక్షరము దింపుకొనుఁడు. ఛాయాచిత్రము తీయుట నేఁడు సులభము. పాటను ధ్వనిముద్రణము చేయుటయు నంతే. క్రొత్త పటమునకుఁ బూజ జరుగుటకు ముందుగాఁ బాఁతదానిని జూడఁగోరినచో కథకుఁడు కాదనఁడు. అది నీటికిఁ బోవుటయా, చిత్రశాలకుఁ బోవుటయా యను నిర్ణయము వానిది. దానిని మనము మాన్పింపరాదు. అది పోకముందు చదువుకొనుట మాత్రము మన పని.

నకాషీ యిండ్లలోను ఇట్టి విచారమే జరుగవలెను. తాతలు, ముత్తాతలు ఏయూళ్లలో నుండిరి, ఏ కథకులకు ఏ పటములు వ్రాసిరి, ఏ యింటినుండి యే యింటికిఁ బిల్లనిచ్చిరి అను వృత్తాంతములు ముసలివారి నోళ్లలో నింకను గలవు. చిత్రకారులు వివాహసంబంధములమూలమున ఊళ్లు మాఱుదురు. గీఁత వారితోఁ బోవును. వేములవాడకును జేర్యాలకును నడుమఁ గల త్రోవ, నిర్మలకును మెట్‌పల్లికిని నడుమఁ గల త్రోవ ఇట్టి సంబంధముల లెక్కవలననే తేటపడును. కవులకు అవతారికలు గలవు. చిత్రకారులకు అవతారికను మనము వ్రాసి యియ్యవలసియున్నది. పటమును విప్పినప్పుడు మొదట విఘ్నేశ్వరుఁడు కన్పట్టును. దాని చిట్టచివరి యరకుఁ గ్రింద, ఇన్ని తరములు ఖాళీగా నున్న యంచున, వ్రాసినవాని పేరు చేరిననాఁడే యా పటము సంపూర్ణమగును.